గుర్రపువాతం: లండన్ లెక్క, సీమ లెక్క

కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ గురించి ఈ పూట మాట్లాడతాను. వింటున్నవాళ్లలో గర్భిణులు కొద్దిమందే ఉండొచ్చు. వాళ్ల అమ్మలు, అత్తలు, మొగుళ్లు, ఆశా అక్కలు ఎక్కువమంది ఉంటారు. చెప్పబోయేదాంట్లో సగం వాళ్ల కోసమే, కాబట్టి రేడియో కట్టేయకండి.

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక లండన్ పోయిన అమ్మాయి ఒకామె ఉందనుకుందాం. మూడో నెల నిండుతుండగా అక్కడి ఆసుపత్రికి పోతుంది. ఎత్తు, బరువు చూస్తారు. రెండు చేతులకూ బీపీ చూస్తారు. స్కానింగులో గర్భసంచికి పోయే రక్తనాళాల్లో రక్తం ఎట్లా పారుతోందో కొలుస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో రక్తం తీసి పి.ఎల్.జి.ఎఫ్. అనే ప్రోటీన్ ఎంత ఉందో కూడా చూస్తారు. ఈ అంకెలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక గడి వస్తుంది. మీరు తెల్లవారా, నల్లవారా, దక్షిణాసియా వారా, తూర్పు ఆసియా వారా, కలగలుపు సంతతి వారా అని. మన అమ్మాయి దక్షిణాసియా ముందు టిక్కు పెడుతుంది. ఆ ఒక్క టిక్కుతో ఆమెకు బీపీ జబ్బు వచ్చే అవకాశం తెల్లమ్మాయి కంటే కొంచెం ఎక్కువని కంప్యూటర్ లెక్క కడుతుంది. నల్లజాతి అమ్మాయికైతే ఇంకా ఎక్కువ కడుతుంది.

ఈ లెక్క తయారుచేసింది ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ అనే సంస్థ. దాని వెనక ఉన్న పెద్దాయన కిప్రోస్ నికోలయిడిస్, సైప్రస్ దేశం నుంచి వచ్చి లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో స్థిరపడిన డాక్టరు. లెక్క ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కూడా తెరిచి వాడుకోవచ్చు. అయితే ఇక్కడికి వచ్చేసరికి ఒక తమాషా జరుగుతుంది. ఆ ఓపీ ముందు బెంచీల మీద ఆదోని నుంచి వచ్చినామె, గద్వాల నుంచి వచ్చినామె, రాయచూరు నుంచి వచ్చినామె, నల్లమలలోని చెంచుగూడెం నుంచి దిగివచ్చినామె, తండా నుంచి వచ్చిన సుగాలి పిల్ల, టౌనులో టీచరుద్యోగం చేసే ఆమె పక్కపక్కనే కూర్చుంటారు. కంప్యూటర్ దృష్టిలో వీళ్లంతా దక్షిణాసియా వారే. అందరికీ ఒకే టిక్కు. అందరికీ పడే టిక్కు ఎవరినీ విడదీసి చూపదు. లండన్‌లో పనిచేసే ఆ గడి కర్నూల్లో, కడపలో ఊరికే అలంకారంగా మిగిలిపోతుంది.

మరి మన ఆడబిడ్డల్లో ఎవరిని ముందు చూడాలి, ఎవరిని దగ్గర పెట్టుకుని చూడాలి అనేది దేనితో తేల్చుకోవాలి? అది చెప్పడానికే వచ్చాను.

ముందు జబ్బు సంగతి. గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉండి, నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసినా దిగకపోతే అది గర్భంతో వచ్చిన బీపీ. దానికి తోడు మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతింటున్నా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా ప్రీఎక్లాంప్సియా అంటాం. 160/110కి చేరిందంటే ఇక గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు చెప్పే గుర్రపువాతం. ప్రపంచం మొత్తం మీద గర్భం, కాన్పు కారణంగా చనిపోయే తల్లుల్లో సుమారు 14 శాతం మంది ఈ బీపీ జబ్బులతోనే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2014లో లెక్క తేల్చారు.

ఇది ఎట్లా మొదలవుతుందో చెప్పడానికి మన కేసీ కెనాల్ సరిపోతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కర్నూలు నుంచి కడప వైపు సాగే కాలువ అది. పెద్దకాలువ నిండా నీళ్లున్నా పిల్లకాలువలు ఇరుగ్గా ఉంటే చివరి ఆయకట్టుకు తడి అందదు. గర్భసంచి గోడలో సన్నని, మెలికలు తిరిగిన రక్తనాళాలుంటాయి. మావి నాటుకునేటప్పుడు దాని కణాలు ఈ నాళాల్లోకి చొచ్చుకుపోయి, వాటి గోడల బిగువు తీసేసి, వెడల్పు చేస్తాయి. ఐదో నెల నాటికల్లా ఈ పని ముగియాలి. కొందరిలో అది సగంలో ఆగిపోతుంది. మావికి చాలినంత రక్తం అందదు. అందనప్పుడు మావి నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి దిగి, ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. ఇందాక చెప్పిన పి.ఎల్.జి.ఎఫ్. తగ్గిపోతుంది. బీపీ ఎక్కుతుంది. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో మనకు కనబడే బీపీకి కారణం మూడో నెల, నాలుగో నెల నాడే ఏర్పడి ఉంటుందన్నమాట. అందుకే మూడో నెల పరీక్షకు అంత విలువ.

ముందే కనిపెట్టి ఏం చేస్తారని అడగొచ్చు. 2017లో ఆస్ప్రే అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. లండన్ లెక్క ప్రకారం ప్రమాదం ఎక్కువని తేలిన 1,776 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, రెండో జట్టుకు అట్లాగే కనబడే ఉత్తుత్తి మాత్ర. మూడో నెల నుంచి 36 వారాల దాకా. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.3 శాతం మందికి వచ్చింది, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 1.6 శాతం మందికే. 16 వారాల లోపు మొదలుపెట్టాలి. ఆలస్యంగా మొదలుపెడితే ఆ మేలు అంతగా దక్కదు. దీన్ని విని మెడికల్ షాపుకు పరుగెత్తకండి. ఆ మాత్ర ఎవరికి కావాలో, ఎవరికి పడదో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు జాతి గడి దగ్గరికి మళ్లీ వద్దాం. బ్రిటన్‌లో కాన్పు సంబంధమైన తల్లుల మరణాలను ఏళ్ల తరబడి లెక్క రాస్తున్నారు. అక్కడ 2019–21లో తెల్ల తల్లులతో పోలిస్తే నల్లజాతి తల్లుల మరణాల రేటు సుమారు నాలుగు రెట్లు, ఆసియా తల్లులది సుమారు రెండు రెట్లు ఉండేది. ప్రీఎక్లాంప్సియా ఎవరికి రావచ్చో తేల్చడానికి ఆ దేశంలో చాలాకాలంగా నడుస్తున్నది ఒక చెక్‌లిస్టు. మొదటి కాన్పా, 40 ఏళ్లు దాటాయా, ముందు కాన్పులో బీపీ వచ్చిందా, షుగరుందా, లావు సూచీ అంటే బీఎంఐ 35 దాటిందా, ఇట్లాంటి ప్రశ్నలు. ఆ చెక్‌లిస్టును ఈ కొత్త లెక్కతో పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. నెలలు నిండకముందే ప్రీఎక్లాంప్సియా తెచ్చుకున్న ప్రతి వందమందిలో చెక్‌లిస్టు సుమారు 40 మందినే ముందుగా పట్టుకోగలిగింది. బీపీ, స్కానింగ్, రక్తపరీక్ష కలిపిన లెక్క 80 మందికి పైగా పట్టుకుంది.

ఆ బీఎంఐ 35 అనే అంకె గురించి ఒక్క మాట. మన ఒళ్లు అంత లావు కాకముందే షుగరూ బీపీ మొదలుపెట్టే రకం. అందుకే ఆసియా వాళ్లకు 23 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలని, 27.5 దాటితే ప్రమాదం బాగా ఎక్కువని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. 35 దాటితేనే లెక్కలోకి తీసుకుంటామంటే మన కడప కోడళ్లలో ఎంతమంది ఆ గీత దాటుతారు? యూరపు ఒళ్లకు కుట్టిన చొక్కా అది.

దక్షిణ లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రి చెక్‌లిస్టును పక్కనపెట్టి ఈ కొత్త లెక్కకు మారింది. మారకముందు అక్కడ తెల్లవారు కాని తల్లుల బిడ్డలు కాన్పుకు కాస్త ముందో వెనకో చనిపోవడం తెల్ల తల్లుల బిడ్డలతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. మారాక ఆ తేడా దాదాపు చెరిగిపోయిందని 2022లో అచ్చువేశారు. దీన్ని చదివి, చూశారా, జాతి అడగడం వల్లే మేలు జరిగింది అన్నవాళ్లున్నారు. నాకు అట్లా అనిపించదు. వచ్చిన ప్రతి తల్లికీ, ఆమె ఏ భాష మాట్లాడినా, ఏ రంగుదైనా, అవే కొలతలు అదే శ్రద్ధతో తీశారు. ప్రమాదం ఉందన్న వెంటనే మాత్ర ఇచ్చారు. ఆ తర్వాత స్కానింగులకు పిలిచారు. మేలు చేసింది ఇదంతా కలిసి.

అమెరికాలో ఇంకో రకం చర్చ నడుస్తోంది. అక్కడి నిపుణుల సంఘం 2021లో ఆస్పిరిన్ ఎవరికివ్వాలో చెబుతూ నల్లజాతి అనే మాటను జాబితాలో ఉంచింది. ఉంచుతూనే, ఇది రక్తంలో ఉన్న తేడా అని కాదు, వివక్షా పేదరికమూ ఒంటి మీద వేసే ముద్ర అని రాసింది. దానికి దన్నుగా ఉన్న సంగతి ఒకటి చెబుతా. వేరే దేశంలో పుట్టి అమెరికా వచ్చిన నల్లజాతి స్త్రీలకు, అమెరికాలోనే పుట్టి పెరిగిన నల్లజాతి స్త్రీల కంటే ప్రీఎక్లాంప్సియా తక్కువగా వస్తోందని ఒక అధ్యయనంలో తేలింది. ఒకే పూర్వికుల సంతతిలో ఇంత తేడా బతుకు తేడా నుంచి రాక ఇంకెక్కడి నుంచి వస్తుంది?

సరే, మన దగ్గరికి వద్దాం. మన దేశపు ప్రసూతి వైద్యుల సమాఖ్య, ఫాగ్సీ, 2019లో జెస్టోసిస్ స్కోరు అని ఒకటి ముందుకు తెచ్చింది. దీంట్లో జాతి గడి లేదు. కంప్యూటర్ కూడా అక్కర్లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కో ప్రమాదానికి ఒకటో రెండో మూడో మార్కులు. మొత్తం మూడు వచ్చిందంటే ఆ గర్భిణిని ప్రమాదంలో ఉన్నట్టే చూడాలి. ముందు నుంచే బీపీ ఉన్నా, షుగరున్నా, మూత్రపిండాల జబ్బున్నా నేరుగా మూడు. కవలలైతే రెండు. పోయిన కాన్పులో బీపీ వచ్చి ఉంటే రెండు. అమ్మకో అక్కకో ఇదే జబ్బు వచ్చి ఉంటే రెండు. ఇక ఒక్కో మార్కువి చూడండి, వాటిలోనే మన సీమ కనబడుతుంది. తొలిచూలైతే ఒకటి. 19 ఏళ్లు నిండకపోతే ఒకటి. రక్తం తక్కువైతే ఒకటి. పెళ్లయిన కొద్ది నెలలకే నెల తప్పితే ఒకటి. ఆమె తాను పుట్టినప్పుడే బరువు తక్కువగా పుట్టి ఉంటే ఒకటి.

ఇప్పుడు పత్తికొండ వైపో, కోసిగి వైపో ఒక ఊళ్లో పోయిన ఏడు పెళ్లయిన 18 ఏళ్ల పిల్లను తలుచుకోండి. తొలిచూలు, వయసు, రక్తహీనత. మూడు మార్కులు. ఇంకా ఎవరూ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టనేలేదు, అప్పుడే ఆమె గీత దాటింది. ఇది ఎక్కడో ఒకరి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, కడుపుతో ఉన్నవాళ్లో. గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. లండన్ కంప్యూటర్ ఈ పిల్లను చూసి, వయసు చిన్నది, ఒళ్లు సన్నం, పరవాలేదు అనుకునే అవకాశం ఉంది. మనం అట్లా అనుకోగూడదు.

మన సీమలో ఇంకో ప్రశ్న కలపాలని నా కోరిక. సాధారణంగా డాక్టర్లు, మీ అమ్మకు కాన్పప్పుడు బీపీ వచ్చిందా అని అడుగుతారు. మీ అత్తకు వచ్చిందా అని అడగరు. అడగాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పాత కాన్పుల రికార్డులు తిరగేసి 2001లో ఒక సంగతి బయటపెట్టారు. తల్లి ప్రీఎక్లాంప్సియా కాన్పులో పుట్టిన మగవాళ్లు తండ్రులైనప్పుడు వాళ్ల భార్యలకు కూడా ఆ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని. మావి సగం తండ్రి వైపుది కదా. మనకు మేనరికాలు ఎక్కువ. అత్త అంటే చాలా ఇళ్లలో మేనత్తే, లేదంటే మేనమామను చేసుకుంటే సొంత అమ్మమ్మే. అంటే అడిగినా చెప్పడానికి మొహమాటం లేని మనిషే. పెద్దవాళ్లకు బీపీ అంకెలు తెలియవు. "నీ కాన్పప్పుడు మొహం ఉబ్బిందా జేజీ? ఫిట్స్ గానీ వచ్చినాయా? బిడ్డ నెలల ముందే పుట్టినాడా?" అని అడిగితే గుర్తుచేసుకుని చెబుతారు.

కొలత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినంతలో ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. తల్లీబిడ్డ కార్డు తీసి చూస్తే కొందరికి మూడో నెల 110/70, ఐదో నెల 110/70, ఏడో నెల 110/70 అని రాసుంటుంది. అంత నిలకడైన బీపీ చూస్తే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. ఏ ఆడమనిషి బీపీ అయినా గర్భంలో ఒకేలా ఉండదు. మధ్య నెలల్లో కాస్త దిగి, చివరి నెలల్లో మళ్లీ పైకి వస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి చూడాలి. బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి వరండాలో నిలబెట్టి చూస్తే అది బీపీ చూసినట్టు కాదు. పట్టీ సైజు కూడా ముఖ్యమే. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్న బీపీని దాచేస్తుంది. వేరుశనగ చేలలో కలుపు తీసే మన పిల్లల చేతులు సన్నవి. చేయి చుట్టుకొలత 22 సెంటీమీటర్ల లోపుంటే మామూలు పట్టీ పనికిరాదు, చిన్నది కావాలి.

ఇంకొకటి. మూడో నెలలో 90/60 ఉన్న పిల్లకు ఎనిమిదో నెలలో 128/84 వచ్చిందనుకోండి. 140/90 దాటలేదు గనుక పుస్తకం ప్రకారం జబ్బు కాదు. మొదటి కొలత కంటే పైఅంకె 30, కిందఅంకె 15 పెరిగితే జబ్బే అనేవాళ్లు ఒకప్పుడు. 2000లో ఆ నియమాన్ని తీసేశారు. తీసేసినవాళ్లే, అట్లా పెరిగినవాళ్లను మాత్రం దగ్గరగా గమనించండి అని కూడా చెప్పారు. ఆ రెండో ముక్క మనం మరిచిపోయాం. మూడో నెల కొలత కార్డులో నిజాయితీగా రాసి ఉంటేనే ఈ పెరుగుదల కంటికి కనబడేది.

ఇంతా చేసి కొలవాల్సిన మనిషి ఊళ్లో ఉంటుందా? మన పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు, పంటలయ్యాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీయడానికి. కొందరు బెంగళూరులో కట్టడం పనులకు. కడుపుతో ఉన్నవాళ్లూ పోతారు, ఎందుకంటే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తిరిగొచ్చాక ఏఎన్ఎం దగ్గర జరిగే మాటలు ఇట్లా ఉంటాయి.

"ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిదో నెల పడింది మేడం."

"మూడో నెలలో చూపిచ్చుకున్నావు. మళ్లా ఎక్కడా చూపిచ్చుకోలేదా?"

"మిరక్కాయల కాడికి పోతిమి మేడం. ఆడ ఎవురడుగుతారు మమ్మల్ని?"

మూడో నెలకూ ఎనిమిదో నెలకూ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే జబ్బు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 మందికి పైగా ఆసుపత్రిలోనే కాన్పవుతున్నారు, చాలా గొప్ప సంగతి. గర్భంలో నాలుగు సార్లైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు మాత్రం మూడింట రెండు వంతులే అని అదే సర్వే చెప్పింది. కాన్పుకు ఆసుపత్రి దొరికింది, ఆ ముందు నెలలకు దొరకలేదు.

సుగ్గి ఒకటైతే, పుట్టిల్లు రెండోది. ఇది డబ్బున్న ఇళ్లలోనూ జరిగేదే. తొలికాన్పు పుట్టింట్లో కావాలి. ఏడో నెలలో సీమంతం చేసి, గాజులు తొడిగి, మైదుకూరు నుంచి ఆళ్లగడ్డకు పంపిస్తారు. ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా వచ్చేది తొలికాన్పులో, అందులోనూ ఏడో నెల తర్వాత. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తనను చూస్తున్న ఆశా అక్కను, ఏఎన్ఎంను, డాక్టరును వదిలి వెళ్లిపోతుంది. అత్తింటి ఊళ్లో వాళ్లు, పుట్టింటికి పోయింది కదా, ఆడ చూస్తార్లే అనుకుంటారు. పుట్టింటి ఊళ్లో వాళ్లు, మన పేరు కాదు కదా అనుకుంటారు. సీమంతం మానుకోమని నేను చెప్పను. పసుపూ కుంకుమా గాజులతో పాటు తల్లీబిడ్డ కార్డు కూడా సంచిలో పెట్టి పంపండి. పుట్టింటికి చేరిన వారంలోపు అక్కడి హెల్త్ క్లినిక్‌లో బీపీ చూపించండి. కార్డును అత్తింటి బీరువాలో భద్రంగా దాచి ఉంచినవాళ్లను చూశాను. దానివల్ల కార్డుకు మేలు, పిల్లకు కాదు.

తండాలు, గూడేల సంగతి వేరు. చెంచుగూడెంలో పుట్టిన పిల్లకు బీపీ వస్తే అది చెంచు రక్తం వల్ల అనడానికి ఏ ఆధారమూ లేదు. ఆమె చేతికి పట్టీ చేరేలోపు అడవిదారి ఉంది, వానాకాలంలో వాగు ఉంది. సుగాలి తండాలో లంబాడీ మాట్లాడే అవ్వకు తెలుగులో చెప్పిన జాగ్రత్త సగమే చేరుతుంది. ఆదోని వైపు కన్నడం, కర్నూలు కడప పాత వీధుల్లో ఉర్దూ. తలనొప్పి, కళ్లు మసకలు అనే మాటలను ఆ ఇంటి భాషలో చెప్పగలిగిన మనిషి క్లినిక్‌లో ఉండడం కూడా పరీక్షలో భాగమే.

పక్కనే కర్ణాటకలో, బెళగావి, బాగల్‌కోట జిల్లాల్లో, క్లిప్ అనే పరిశోధన జరిగింది. పాకిస్తాన్‌లోని సింధులో, ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో కూడా. ఆశా కార్యకర్తల స్థాయి వాళ్లకే బీపీ మిషన్లు, ఫోనులో ఒక యాప్ ఇచ్చి ఇళ్లకు పంపారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మొత్తంగా చూస్తే తల్లీబిడ్డల మరణాలు, కష్టాలు అనుకున్నంత తగ్గలేదు. అయితే ఎక్కువసార్లు ఇంటికి వెళ్లి చూసిన గర్భిణుల్లో ఫలితం మెరుగ్గా కనబడింది. నాకు దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. మిషను కొనివ్వడం తేలిక. ఏడెనిమిది సార్లు పోయి చూడడానికి మనిషికి తీరిక, జీతం, ప్రయాణఖర్చు ఇవ్వాలి.

తిండి గురించి అడుగుతారు కాబట్టి కొంచెం. ఉప్పు పూర్తిగా మానేస్తే ఈ బీపీ రాదనుకోవడం సరికాదు. సున్నం, అంటే కాల్షియం, తక్కువగా తినే చోట్ల కాల్షియం మాత్రలు ఈ జబ్బును తగ్గిస్తాయని రుజువైంది. మన ప్రభుత్వం నాలుగో నెల నుంచి రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములది, ఇవ్వాలంటుంది. రోజుకు 500 అయినా 1,500 ఇచ్చినంత పని చేస్తుందని బెంగళూరులో జరిగిన పరిశోధన 2024లో చూపించింది. కాబట్టి రెండో మాత్ర ఒక్కోరోజు మరిచిపోయామని మొత్తం మానేయకండి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోవద్దు, రెంటికీ కొన్ని గంటల ఎడముండాలి. ఇంకో సంగతి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటుగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో దాదాపు ఏమీ ఉండదు. సంగటి తిన్న జేజి మనవరాలు చౌకబియ్యం బువ్వ తింటోంది. వారానికి నాలుగు పూటలు మళ్లీ సంగటి ముద్ద పెట్టండి, చెనిగ్గింజల పచ్చడితో.

ఎప్పుడు పరుగెత్తాలో కూడా వినండి. మాత్ర వేసుకున్నా తగ్గని తలకాయ నొప్పి. కండ్ల ముందు మిణుగురుల్లా వెలుగులు, మసకలు. రొమ్ముల కింద, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. దీన్ని గ్యాస్ అనుకుని గోలీసోడా తాగించి పడుకోబెడతారు, అదే ప్రమాదం. పొద్దున్నే మొహమూ చేతులూ ఉబ్బడం. మూత్రం తగ్గడం. బిడ్డ కదలికలు తగ్గడం. కాళ్లకు మాత్రం నీరు పట్టడం చాలామందికి మామూలే, దానికొక్కదానికే భయపడొద్దు, బీపీ చూపించుకుని నిశ్చింతగా ఉండండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచాలు కుక్కొద్దు, తాళాలగుత్తి చేతిలో పెట్టొద్దు. గాలి సోకిందని మొక్కులకూ తాయెత్తులకూ తిప్పుతూ గంటలు పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిలో మళ్లీ ఫిట్స్ రాకుండా కాపాడేది మెగ్నీషియం సల్ఫేట్ సూది. ఎంతో పాత మందు, చాలా చవకది. మన దేశంతో సహా 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీల మీద చేసి 2002లో ఫలితాలు ప్రకటించిన మాగ్‌పై పరిశోధనలో ఈ మందు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని సగానికి తగ్గించింది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు, రెండు పిరుదుల్లో చెరో ఐదు గ్రాములు, ఏఎన్ఎం కూడా వేయొచ్చని మన దేశపు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా భయపడి వేయకుండా పంపేవాళ్లున్నారు. వెంట వెళ్లే మనిషి ఒక్క మాట అడగండి: "మెగ్నీషియం సూది వేసినారా అమ్మా, చీటీలో రాసినారా?" అని.

చివరగా బాలింతల సంగతి. కాన్పయిపోయింది, బిడ్డ ఏడ్చింది, ఇక గండం గడిచింది అనుకుంటాం. బీపీ ఎక్కువగా ఎగబాకేది కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు లోపు. చాలామందిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేది కూడా ఆ రోజుల్లోనే. ఇంటికొచ్చిన బాలింత తలనొప్పి అంటే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి గదిలో పడుకోబెడతారు. ఆశా అక్క కాన్పయిన మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత ఆరు వారాల దాకా వారానికో రెండు వారాలకో ఒకసారి ఇంటికి వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూస్తుంది. ఆమె సంచిలో తూకం ఉంది, థర్మామీటర్ ఉంది, బీపీ మిషను లేదు. గర్భంలో బీపీ ఉన్న బాలింత దగ్గరికి ఆ మూడో రోజూ ఏడో రోజూ హెల్త్ క్లినిక్ నుంచి మిషనుతో ఒకరు తోడు వస్తే చాలు. మన కర్నూలు, కడప జిల్లాలకు, వాటి నుంచి విడిపోయిన నంద్యాల, అన్నమయ్య జిల్లాలకు ఇదేమీ మోయలేని పని కాదు. ఇల్లు తెలుసు, తారీఖు తెలుసు, బాలింత పేరు రిజిస్టరులో ఉంది. వెళ్లాల్సిన మనిషికి ఆ పని రాసి ఇవ్వడమే మిగిలింది.